అల్మరాకి కట్టిన దారం

జూన్ 4

అక్కకి,

ఇక మీదట ఆఫీసుకి ఫోన్ చెయ్యకు. కోపంతో అంటున్న మాట కాదు. ఇన్నాళ్ళూ ఫోనంటే ఇద్దరు మాట్లాడుకునేది అనుకున్నాను. ఇప్పుడు ఆఫీసు ఫోన్ల పెట్టె మూత తీసి చూశాక, ఆ ఇద్దరి మధ్య మూడో మనిషి కూర్చోవడానికి ఎంత చోటుందో తెలిసింది. అందుకే ఈ ఉత్తరం.

పోయిన సోమవారం మేనేజరు గారు పిలిచి, కంప్యూటర్లు బాగుచేస్తున్నావు కదా, ఫోన్ల పెట్టె సంగతి కూడా నేర్చుకో అన్నారు. ముందు గది పక్క నడవలో చెక్క అల్మరా ఉంది. అందులో గోడకి బిగించి ఉంటుంది ఆ పెట్టె. మా లారీల ఆఫీసులో ఉన్న ఇరవై ఆరు ఫోన్ల తీగలూ దానికే వచ్చి కలుస్తాయి. బయటి కాల్ ఎవరి బల్ల మీద మోగాలి, ఎవరూ ఎత్తకపోతే ఎటు పోవాలి, అంతా దాని లోపల అంకెల్లో ఉంటుంది. నా కంప్యూటరు నుంచి ఒక తీగ కలిపి ఆ అంకెలు మార్చాలి. అమర్చిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. మిగిలింది మూడొందల పన్నెండు పేజీల పుస్తకం ఒక్కటే.

నువ్వు నేర్పినట్టే చదువుతున్నాను. వేలు పెట్టి, వరస తప్పకుండా. చిన్నప్పుడు నీకు ఒక్క అక్షరం రాకపోయినా నా పక్కన కూర్చుని, ఈ పేజీ అప్పజెప్పందే తర్వాతి పేజీ తిప్పనిచ్చేదానివి కాదు. ఆ భయం ఇంకా వేలికి ఉంది.

అసలు సంగతి ఇది. ముందు గదిలో ఇరవై రెండేళ్ళుగా ఒక ఆపరేటరు ఉంది. అందరూ టెలిఫోనమ్మ అంటారు. బయటి కాల్స్ అన్నీ మొదట ఆమె ఎత్తి, తర్వాత లోపలికి కలుపుతుంది. నేను నేర్చుకుంటే కాల్స్ తిన్నగా ఎవరి బల్లకి వాళ్ళకే వెళతాయి. అప్పుడు ఆమె అవసరం ఉండదు. జులై నెలాఖరులోగా చేసి చూపిస్తే నా ఉద్యోగం ఖాయం చేస్తారట. లేకపోతే ఆర్నెల్ల గడువు తీరగానే ఇంటికి. మేనేజరు గారు తలుపు దగ్గరికి వేసి మరీ చెప్పారు: "ఆమెని ఏమీ అడక్కు. తన కుర్చీ పోతుందని తెలిసిన మనిషి నీకు సరైన దారి చెప్పదు."

నిన్న నేను ముందు గదిలోకి వెళ్ళగానే ఆమె ఏదో నోటుబుక్కుని డైరెక్టరీ కిందికి తోసేసింది. "ఏం కావాలమ్మాయ్, ఏమైనా చెప్పనా?" అంది.

"వద్దండీ, నాకు పుస్తకం ఉంది" అన్నాను.

బావగారి నడుం నొప్పి ఎలా ఉందో రాయి.

నీ పలక


జూన్ 12

పలకపిల్లకి,

నీ ఉత్తరం మీ బావ చదివి పెడతానంటే ఇవ్వలేదు. నీ పక్కన కూర్చుని దొంగిలించిన అక్షరాలేగా, నేనే కూడబలుక్కున్నాను. రెండు పూటలు పట్టింది. ఆయన నడుం బాగానే ఉంది, బరువు ఎత్తమన్నప్పుడే నొప్పెడుతుంది.

ఆ టెలిఫోనమ్మ దగ్గర జాగ్రత్త. ఏమైనా చెప్పనా అని తియ్యగా అడిగేవాళ్ళని నేను మా లాండ్రీలో రోజూ చూస్తున్నా. మా ఇస్త్రీ ఆయన ఉండేవాడు చూడు, నోట్లో నాలుక లేనట్టు ఉండేవాడు. నెలకో చొక్కా మాయమయ్యేది. కాలరు లోపల నంబరు వేసేది నేను కాబట్టి మాట నామీదికొచ్చేది. ఒకరోజు మూటలన్నిటికీ ముడి మీద ఇంకో నల్లదారం కట్టి పెట్టా. మూడోనాడు దారం తెగింది. ఆ పూట గదిలో ఉన్నది ఆయన ఒక్కడే. యజమానికి చెప్పా. అంతే, మర్నాటినించీ రాలేదు.

నువ్వూ అల్మరాకి ఒక దారం పోగు కట్టు. సన్నది, కంటికి ఆననిది. మనుషులు అబద్ధం చెబుతారు గానీ దారం చెప్పదు.

పుస్తకం వరసగానే చదువు. మధ్యలో ఎగిరెగిరి చూస్తే బుర్రకెక్కదు. మనింట్లో పలక పట్టి బడి గడప తొక్కినదానివి నువ్వొక్కదానివే, ఆ ఉద్యోగం నీది. ఎవరో కుర్చీ పట్టుకుని వేలాడుతుంటే నువ్వు దిగిపోవాల్సిన పనిలేదు.

వేళకి తిను.

అక్క


జూన్ 21

అక్కకి,

నువ్వు ముక్కు మీద వేలేసుకునే సంగతి రాస్తున్నాను.

పోయిన మంగళవారం మొదటి మార్పు చేశాను. మేనేజరు గారి కాల్స్ టెలిఫోనమ్మ దగ్గర ఆగకుండా తిన్నగా ఆయన బల్లకి వెళ్ళేలా పెట్టాను. సాయంత్రం దాకా చక్కగా వెళ్ళాయి. ఆయన నన్ను పిలిచి, కూర్చోమని కూడా అన్నారు. మర్నాడు పొద్దున మొదటి కాల్ మళ్ళీ టెలిఫోనమ్మ దగ్గరే మోగింది. కంప్యూటరులో చూస్తే నేను పెట్టిన అంకెలు లేవు. పాతవి ఉన్నాయి. మళ్ళీ మార్చాను. మళ్ళీ పొద్దునకి పాతవి. నాలుగు రోజులు ఇదే తంతు. అయిదోరోజు మేనేజరు గారు కూర్చోమనలేదు. "మళ్ళీ ఆమే ఎత్తింది. నువ్వు నిజంగా మారుస్తున్నావా?" అన్నారు.

నీ మాట ప్రకారం దారం కట్టాను. అల్మరా రెండు పిడుల మధ్య, నల్లది. సాయంత్రం అయిదున్నరకి నేను వెళ్ళేటప్పుడు ఉంది. పొద్దున తొమ్మిదికి వచ్చేసరికి లేదు. తెగిన ముక్క కింద కూడా లేదు. ఎవరో ఏరి పారేశారు. మూడు రోజులు కట్టాను, మూడు రోజులూ అంతే. ఆ అల్మరాకి తాళంచెవులు మూడు. నా దగ్గర ఒకటి, ఆమె దగ్గర ఒకటి, వాచ్‌మన్ తాత దగ్గర ఒకటి. తాతకి గోడ మీద గడియారమే సరిగా కనబడదు, అంకెలు మార్చడం ఆయన వల్ల అయ్యే పని కాదు.

ఆ నోటుబుక్కు కూడా చూశాను. ఆమె మంచినీళ్ళకి లేచినప్పుడు డైరెక్టరీ కిందినుంచి అంచు బయటికి వచ్చి ఉంది. లారీ నంబర్లు, పక్కన ఊరి పేర్లు, వేళలు. పేజీల నిండా అవే. ఇంతలో ఆమె వచ్చి ఫోన్ ఎత్తి గొంతు బాగా తగ్గించింది. "బండి ఇంకా వంతెన దాటలేదు. రేపు పొద్దున దాటుతుంది. నువ్వు ఫోన్ చేసినట్టు లోపల ఎవరికీ చెప్పనులే" అంటోంది. నన్ను చూడగానే ఫోన్ పెట్టేసింది.

పుస్తకం నూట ముప్ఫయ్యో పేజీ. నిద్రలో కూడా అంకెలే.

నీ పలక


జూన్ 29

పలకకి,

నీ ఉత్తరం చదివి చేతిలో సిరా సీసా ఒలకబోసుకున్నా. ఎవరి తెల్లచొక్కా మీదో పడింది, అది వేరే కథ.

ఇంకా అర్థం కాలేదా నీకు? లారీ ఎప్పుడు ఎక్కడ దాటుతుందో బయటివాళ్ళకి చెబుతోందంటే, దారిలో ఆపి సరుకు దించుకునేవాళ్ళు ఉంటారు. అందుకే మీ మేనేజరు ఫోన్ కూడా తన చేతిమీదుగానే పోవాలి ఆమెకి. నువ్వు మార్చినదల్లా అందుకే చెరిపేస్తోంది. రేపు ఏదైనా బండి మాయమైతే, ఫోన్ల పెట్టె ఎవరి చేతిలో ఉంది అని అడుగుతారు. నీ పేరు చెబుతారు. చదువుకున్నదానివి, కొత్తదానివి, నెత్తిన రుద్దడానికి నీకంటే ఎవరు దొరుకుతారు?

ఒకరోజు ఏడింటికే వెళ్ళు. ఎక్కడైనా నక్కి కళ్ళారా చూడు. చూసినది కాగితం మీద పెట్టి ఇవ్వు. నోటితో చెబితే గాలికి పోతుంది.

నేను ఒక పని చేశాను. నువ్వు తిడతావని ఇప్పుడు రాయను. నీ మంచికే చేశాను.

అక్క


జులై 8

అక్కకి,

అయిపోయింది. ఈ పూటే.

పొద్దున ఏడింటికి వెళ్ళి నడవ చివర జిరాక్స్ మెషిను వెనక నిలబడ్డాను. ఏడూ నలభైకి టెలిఫోనమ్మ వచ్చింది. సంచీ కూడా కింద పెట్టలేదు. తిన్నగా అల్మరా దగ్గరికి వెళ్ళి తాళం తీసి చెయ్యి లోపల పెట్టింది. టక్కుమని ఏదో నొక్కిన శబ్దం. తర్వాత పెట్టె మీద అరచెయ్యి ఆనించి, లోపలి దీపాల వంక చూస్తూ నిలబడింది. రెండు నిమిషాలుంటుంది. తర్వాత తాళం వేసి, ఏమీ ఎరగనట్టు వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.

చూసింది చూసినట్టు ఒక పేజీ రాసి మేనేజరు గారికి ఇచ్చాను. ఆయన ఆమెని పిలిపించారు. నేను గోడ పక్కన నిలబడ్డాను. పొద్దున అల్మరాలో ఏం చేస్తున్నావని ఆయన అడిగారు.

"ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నదే" అంది ఆమె.

ఒప్పుకున్నట్టే కదా అన్నారు ఆయన. తాళంచెవి ఇచ్చి ఇప్పుడే వెళ్ళిపొమ్మన్నారు. ఆమె తాళంచెవి తెచ్చి ఆయన బల్ల మీద కాదు, నా చేతిలో పెట్టింది.

"పుస్తకం ఎంతదాకా వచ్చిందమ్మాయ్?"

"రెండొందల పదో పేజీ అండీ."

"వరసగానేనా?"

"అవునండీ."

"సరే, అలాగే కానీ" అని వెళ్ళిపోయింది.

ఆ నోటుబుక్కు బల్ల మీదే, పైకి కనబడేలా వదిలేసింది. దాచుకోవలసినదాన్ని ఎందుకు వదిలిందో అర్థం కాలేదు. నా సొరుగులో పెట్టాను. రేపూ ఎల్లుండీ సెలవు, సోమవారం మేనేజరు గారు నా ఆర్డరు మీద సంతకం పెడతారట. సంతోషంగా ఉండాలి కదా, ఉన్నాను.

నీ పలక


జులై 12

మా ఖాయం ఉద్యోగస్థురాలికి,

లాండ్రీలో అందరికీ చెప్పాను. మా యజమాని కూడా, మీ చెల్లెలు గట్టిదే అన్నాడు. నేను కాదా గట్టిదాన్ని?

ఇప్పుడు ఆ పని సంగతి రాస్తా. పోయిన నెల ఇరవయ్యేడున మా కౌంటరు ఫోన్‌నించి మీ ఆఫీసుకి చేశాను. నువ్వు వద్దన్నావు, నాకు ఆగలేదు. ఆ టెలిఫోనమ్మే ఎత్తింది. అడిగేశా. మా చెల్లెలు చేసిన పని రోజూ చెరిపేస్తున్నావట, ఎవరి అండ చూసుకుని, మేం చదువులేని వాళ్ళమే గానీ నోరులేని వాళ్ళం కాదు అన్నా. ఇంకా చాలా అన్నాలే. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా విని ఏమందో తెలుసా?

"నేను చెప్పబోతే వినడం లేదు. మీరైనా మీ చెల్లెలికి ఒక మాట చెప్పండి. పుస్తకంలో చివరి పాఠం ముందు చదవమనండి."

ఎంత వెటకారం చూడు. మేం పుస్తకం ఎటునించి పట్టుకోవాలో కూడా తెలియని వాళ్ళమని కదా. ఠక్కున పెట్టేశా. నీ మనసు కష్టపడుతుందని ఇన్నాళ్ళూ రాయలేదు. ఇప్పుడు పీడ వదిలింది కాబట్టి నవ్వుకుంటావని రాస్తున్నా.

అక్క


జులై 12

అక్కకి,

నీ జవాబు కోసం ఆగకుండా రాస్తున్నాను.

నిన్న సోమవారం తొమ్మిదికి వెళ్ళేసరికి ఆఫీసులో ఒక్క ఫోన్ కూడా పలకడం లేదు. ఇరవై ఆరూ చచ్చిపడి ఉన్నాయి. పోతూ పోతూ ఏదో చేసింది అన్నారు మేనేజరు గారు. అబద్ధమెందుకు, ఆ మాట ఆయన కంటే ముందు నేనే అన్నాను.

ఇంతలో డ్యూటీ దిగి వెళ్ళబోతున్న వాచ్‌మన్ తాత వచ్చి, "ఏం తల్లీ, పెట్టె స్విచ్ ఎవరూ వెయ్యలేదా?" అన్నాడు.

ఒకప్పుడు పాత ఫైళ్ళ గదిలో తీగలు రాచుకుని మంట లేచిందట. అప్పటినుంచీ అందరూ వెళ్ళాక తాత ఆ అల్మరా తెరిచి పెట్టె స్విచ్ కట్టేస్తాడు. పొద్దున టెలిఫోనమ్మ వచ్చి వేస్తుంది. పచ్చదీపం నిలకడగా వెలగడానికి రెండు నిమిషాలు పడుతుంది, అది నిలబడేదాకా ఆమె కదలదు. నేను చూసింది అదే. నేను కాగితం మీద పెట్టింది అదే.

దారం సంగతి కూడా ఆయనే చెప్పాడు. "ఎవరో రోజూ నల్లదారం కడుతున్నారు తల్లీ. చేతబడేమోనని నేనే తీసి అవతల పారేస్తున్నా. నువ్వు భయపడతావని చెప్పలేదు."

స్విచ్ వేశాక ముందు గదిలో ఫోన్ మోగింది. ఎవరూ లేరు కాబట్టి నేను ఎత్తాను. ఒకావిడ లారీ నంబరు చెప్పి, మా ఆయన బండి ఎక్కడిదాకా వచ్చిందమ్మా అని అడిగింది. తర్వాత ఇంకొకావిడ. మధ్యాహ్నానికి పదకొండు మంది. డ్రైవర్ల ఇళ్ళవాళ్ళు. ఇలాంటి కాల్స్ తీసుకోకూడదని మేనేజరు గారి ఆజ్ఞ ఉందట. అందుకే నోటుబుక్కు డైరెక్టరీ కింద, అందుకే గొంతు చిన్నగా. దొంగలూ లేరు, ముఠా లేదు అక్కా.

కానీ ఒకటి తేలలేదు. ఆమె లేదు, ఆమె తాళంచెవి నా దగ్గరే ఉంది, అయినా శుక్రవారం నేను పెట్టిన అంకెలు పోయి పాతవి వచ్చాయి. ఎవరు మారుస్తున్నారు? ఇప్పుడు తాత కళ్ళ మీద కూడా నాకు అనుమానం వస్తోంది. ఇదేం రోగం?

ఆర్డరు మీద సంతకం వాయిదా పడింది.

నీ పలక


జులై 17

అక్కకి,

నీ ఉత్తరం పద్నాలుగున వచ్చింది. నిలబడి చదివాను. కూర్చుని పుస్తకం చివరి పాఠం తీశాను.

మూడొందల నాలుగో పేజీ. చేసిన మార్పుల్ని విడిగా భద్రం చెయ్యాలట. దానికి ఒక ఆజ్ఞ ఉంది, నాలుగు అక్షరాలు. అది ఇవ్వకపోతే, కరెంటు ఆగి మళ్ళీ వచ్చినప్పుడు పెట్టె అంతకు ముందు భద్రం చేసిన అంకెల్నే తీసుకుంటుంది. అంతే. రోజూ నేను మార్చాను, భద్రం చెయ్యలేదు. రోజూ సాయంత్రం తాత స్విచ్ కట్టాడు. చెరిపింది టెలిఫోనమ్మ కాదు, నేనే.

ఆ ఆజ్ఞ ఇచ్చి, స్విచ్ కట్టి, వేసి, పచ్చదీపం కోసం నిలబడ్డాను. నా అంకెలు ఉన్నాయి.

ఆ మాట నీ దగ్గర పదిహేను రోజులు ఉంది అక్కా. ఇది నీ మీద నేరం మోపడానికి రాయడం లేదు. ఆమె మొదట్లోనే ఏమైనా చెప్పనా అని అడిగింది, నాకు పుస్తకం ఉందని నేనే అన్నాను. కానీ నువ్వు రాసి ఉంటే బాగుండేది. వేలు తియ్యకుండా చదవమన్నావు, చదివాను. చివరి పేజీలో ఏముందో ఒకసారి తొంగి చూడవచ్చని మనిద్దరికీ ఎవరూ చెప్పలేదు.

మర్నాడు ఇంకో కాగితం రాసి మేనేజరు గారికి ఇచ్చాను. తప్పు నాది, ఆమెది ఏమీ లేదు, ఆమెని వెనక్కి పిలవండి అని. ఆయన చదివి, ఎలాగూ వెళ్ళాల్సిన మనిషే కదా, మూడు వారాలు ముందు వెళ్ళింది, ఇది చింపెయ్యి అన్నారు. నేను చింపను అన్నాను. అప్పుడు ఆయన ముఖం మారింది.

"నీ కాగితం నమ్మి ఒక మనిషిని పంపేశాను. ఇప్పుడు ఇంకో కాగితం తెచ్చావు. రెండిట్లో దేన్ని నమ్మమంటావు?"

ఆర్డరు సొరుగులోకి వెళ్ళింది.

ఈ రోజు ఆదివారం, నోటుబుక్కు పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాను. మెట్లెక్కి మూడో అంతస్తు. తలుపు సగమే తెరిచింది. నేను చెప్పాలనుకున్నదంతా చెప్పాను. ఆమె నా చేతిలోని నోటుబుక్కు చూసింది.

"ఇది ఇక్కడికెందుకు తెచ్చావు? అడిగేవాళ్ళు అక్కడికే చేస్తారు."

లోపలికి రమ్మనలేదు. నేను అనమని కోరుకోనూ లేదు. ఆమె ఇంటి ఫోన్ నంబరు కింద రాస్తున్నాను. ఎందుకో నీకు తెలుసు.

నీ పలక


ఆగస్టు 1

పలకకి,

నువ్వు తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకుండా రాశావు, అన్నం దిగలేదు.

ఆ నంబరుకి మూడుసార్లు చేసి, ఆవిడ హలో అనగానే పెట్టేశా. నాలుగోసారి ఆవిడే, "మాట్లాడండి, మీ చెల్లెలి కంటే మీ గొంతే గట్టిది కదా" అంది. ఎలా కనిపెట్టిందో. ఇరవై రెండేళ్ళు వినడమే పనిగా ఉంటే, ఊపిరి తీసుకోవడం విన్నా మనిషిని పోల్చుకుంటారేమో. నేను ఏడ్చాను. క్షమించానని అనలేదు. బండి నంబర్లు మీ పిల్ల రోజూ రాస్తోందా, వంతెన దగ్గర డ్రైవర్లు ఆగే టీకొట్టు ఫోన్ నంబరు మారింది, కొత్తది తనకి చెప్పండి అంది. ఆ నంబరు ఈ ఉత్తరం వెనక రాశాను. ఈసారి ఏ మాటా నా దగ్గర ఉంచుకోలేదు, చూసుకో.

ఇంకో సంగతి. ఆ ఇస్త్రీ ఆయన వెళ్ళిపోయాక కూడా రెండు చొక్కాలు పోయాయి. ఆ సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. నాకు నేనే చెప్పుకోలేదు. పోయిన వారం పెద్ద ఉతుకు మెషిను వెనక రేకు ఊడదీస్తే అయిదు చొక్కాలు దొరికాయి, కుళ్ళి, కాలర్ల మీద నా చేత్తో వేసిన నంబర్లతో. ఆయన ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. నీకు కనీసం మెట్లెక్కడానికి ఒక ఇల్లు ఉంది.

అక్క


ఆగస్టు 21

అక్కకి,

టీకొట్టు నంబరు నోటుబుక్కులో ఎక్కించాను. ఇప్పుడు అది డైరెక్టరీ పైనే ఉంటుంది. మేనేజరు గారు చూసి, చూడనట్టు వెళ్ళారు.

కాల్స్ అన్నీ తిన్నగా వెళుతున్నాయి. ఎవరి బల్లకీ చెందని కాల్స్ మాత్రం నా బల్ల మీద మోగేలా పెట్టాను. పుస్తకంలో దానికి పేజీ ఉంది. రోజుకి పది పదిహేను ఇళ్ళవాళ్ళు చేస్తారు. గొంతులు ఇప్పుడిప్పుడే గుర్తు పడుతున్నాను. చాలామంది మొదట, ఆవిడ లేదా అని అడుగుతారు.

పోయిన వారం ఇద్దరు పెద్ద ఖాతాదార్లు, ముందు గదిలో మనిషి లేదేమని విసుక్కున్నారట. మేనేజరు గారే టెలిఫోనమ్మకి ఫోన్ చేశారు, ఒక పూట వచ్చినా చాలని. నేను గదిలోనే ఉన్నాను. అవతల ఎత్తి, ఆయన గొంతు వినగానే పెట్టేసింది. తర్వాత నేను చేస్తే పెట్టెయ్యలేదు. "ఆయన ఫోన్లు ఇరవై రెండేళ్ళు ఎత్తాను, చాలు" అంది. నాతో ఎందుకు మాట్లాడిందో అడగలేదు. బండి నంబర్ల కోసమే అయి ఉంటుంది.

నా గడువు ఇంకో ఆర్నెల్లు పొడిగించారు. అది నేను ఊహించిందే. ఊహించనిది ఇంకొకటి. పోయిన మంగళవారం ఒక కొత్తమ్మాయి చేరింది, ఫోన్ల పెట్టె నేర్చుకోవడానికి. నా ఎదుటి బల్ల. చదువులో నాకంటే చురుకు. మొదటిరోజు ఆమెని మేనేజరు గారు లోపలికి పిలిచి, తలుపు దగ్గరికి వేశారు. బయటికి వచ్చాక ఆమె నాకు నమస్కారం పెట్టింది గానీ, కుర్చీ కొంచెం పక్కకి జరుపుకుంది.

స్విచ్ ఇప్పుడు నేనే వేస్తున్నాను. తాత సాయంత్రం కట్టడం మానలేదు, నేను మానమనలేదు. మొన్న శుక్రవారం ఏడూ ముప్పావుకి తాళం తీసి, స్విచ్ వేసి, పెట్టె మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. చెయ్యి ఎందుకు ఆనిస్తారో ఇప్పుడు తెలుసు. లోపల ఫ్యాను తిరగడం మొదలయ్యేది కంటికంటే ముందు అరచేతికి తెలుస్తుంది. ఆ రెండు నిమిషాలూ ఇంకేం చేయడానికీ ఉండదు. పచ్చదీపం నిలబడ్డాక తాళం వేసి వెనక్కి తిరిగాను. నడవ చివర, జిరాక్స్ మెషిను పక్కన, కొత్తమ్మాయి నిలబడి ఉంది. ఆ చూపు నేను ఎక్కడ చూసినా గుర్తుపడతాను అక్కా.

తొమ్మిదింటికి ఆమె బల్ల దగ్గరికి వెళ్ళాను. పుస్తకం పదకొండో పేజీ దగ్గర తెరిచి ఉంది, మధ్యలో స్కేలు. నేను దాన్ని మూడొందల నాలుగో పేజీకి తిప్పి ఆమె ముందు పెట్టి, ముందు ఇది చదువు, స్విచ్ సంగతి నేను చెబుతాను అన్నాను.

"పరవాలేదండీ, నాకు పుస్తకం ఉంది" అంది.

నేను ఇటు తిరగగానే కాగితాల చప్పుడు వినబడింది. మళ్ళీ పదకొండో పేజీకి తిప్పుకుంటోంది.

రేపు మళ్ళీ చెబుతాను. ఎల్లుండి కూడా చెబుతాను. ఆ అమ్మాయికి ఒక అక్క ఉందట. ఎప్పుడైనా ఆఫీసుకి ఫోన్ చేస్తే, నా బల్ల మీదే మోగుతుంది.

నీ పలక